పులికాట్‌లో గ్రేటర్ స్పాటెడ్ ఈగల్: వెతకడం, గుర్తుపట్టడం, సీజనంతా ఫాలో అవ్వడం ఎలా

పులికాట్ అంటే అందరికీ ఫ్లెమింగోలే. సూళ్లూరుపేటలో దిగామా, శ్రీహరికోట రోడ్డు మీద బండి ఆపామా, దూరంగా గులాబీ రంగు కనిపించిందా, నాలుగు ఫోటోలు తీశామా, వచ్చేశామా. తప్పేం లేదు, నేనూ అలాగే మొదలుపెట్టా. కానీ అదే రోడ్డు మీద, అదే టైంలో, ఆ ఫ్లెమింగోలకి అవతల ఏదో కట్ట మీద ముదురు గోధుమరంగు గద్ద ఒకటి గంటల తరబడి కదలకుండా కూర్చుని ఉండొచ్చు, చాలామందికి అది కళ్ళబడదు, పడినా ఏదో గద్దలే అని బైనాక్యులర్ పక్కకి తిప్పేస్తారు. ఆ గద్దే గ్రేటర్ స్పాటెడ్ ఈగల్, దాని కోసమే ఈ గైడ్. బర్డింగ్ కొంచెం అలవాటై, కొంగకీ బాతుకీ తేడా తెలిసి, గద్దల దగ్గరకొచ్చేసరికి మాత్రం చేతులెత్తేసేవాళ్ళకి బాగా పనికొస్తుంది.

ఒక మాట ముందే చెప్తా. ఈ గద్దని ఆకాశంలో వెతికితే దొరకదు. నీళ్ళు ఎక్కడున్నాయో చూసుకోవాలి, ఆ నీళ్ళలో బాతులు ఎక్కడున్నాయో చూసుకోవాలి, ఆ తర్వాతే గద్ద. మిగతా గైడ్ అంతా దాదాపు ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

ఇంతకీ ఎవరీ చుట్టం

సైంటిఫిక్ పేరు క్లాంగా క్లాంగా. పాత పుస్తకాల్లో అక్విలా క్లాంగా అని ఉంటుంది, కంగారు పడొద్దు, రెండూ ఒకటే. గూళ్ళు కట్టేది తూర్పు యూరప్ నుంచి రష్యా మీదుగా మంగోలియా, ఉత్తర చైనా దాకా, చిత్తడి నేలల్ని ఆనుకున్న అడవుల్లో. చలికాలం వచ్చేసరికి దక్షిణానికి దిగుతాయి, కొన్ని గల్ఫ్ దేశాలకి, కొన్ని ఆఫ్రికాకి, కొన్ని మన దేశానికి. భరత్‌పూర్‌లో చాలా ఏళ్ళుగా చూస్తున్నారు, మన తీరంలో మాత్రం చాలా కొద్దిగా కనిపిస్తాయి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ లిస్టులో వల్నరబుల్, అంటే అంతరించే ముప్పున్న జాతి, మన వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1, అంటే పై స్థాయి రక్షణ. బురద నేలలు ఎండగట్టి పొలాలు చెయ్యడం, పాత అడవులు కొట్టెయ్యడం, గూళ్ళ దగ్గర మనుషుల అలికిడి, ఇవీ వాటికొచ్చిన కష్టాలు.

ఇంకోటి, దీనికీ పులికాట్‌కీ సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. 2022 మార్చి, ఏప్రిల్‌లో జీపీఎస్ ట్యాగులు కట్టిన 19 గద్దలు ఉక్రెయిన్ మీదుగా బెలారస్‌లో గూళ్ళు కట్టే చోటికి వెళ్తుంటే కింద యుద్ధం జరుగుతోంది. అవి దారి మార్చుకుని, మామూలుగా ఆగే చోట్ల ఆగకుండా, అంతకు ముందు ఏళ్ళకంటే సగటున 85 కిలోమీటర్లు ఎక్కువ ఎగిరాయని 2024లో పేపర్ వచ్చింది. మన దగ్గరకొచ్చేవి అవే అని నేననడం లేదు. కానీ ఈ జాతి ఎంత దూరం నుంచి, ఎన్ని దాటుకుని వస్తుందో తెలిస్తే ఫోటో కోసం దాని వెంట పరిగెత్తే బుద్ధి కాస్త తగ్గుతుంది.

మొదటి పని: ఎప్పుడు వెళ్ళాలో తేల్చుకోవడం

క్యాలెండర్ ప్రకారం అయితే అక్టోబర్ చివర నుంచి మార్చి దాకా. కానీ పులికాట్‌లో క్యాలెండర్ కంటే నీటిమట్టం ముఖ్యం. చిల్కా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే అయినా లోతు చాలా తక్కువ, చాలా చోట్ల మనిషి నడుం దాకా కూడా ఉండదు. కాళంగి, ఆరణి, స్వర్ణముఖి లాంటి ఏర్లు వాననీళ్ళు తెస్తాయి, ముఖద్వారాల్లోంచి సముద్రం వస్తుంది. ఈశాన్య రుతుపవనాలు ఎలా కురిశాయి, వాయుగుండాలు ఎన్నొచ్చాయి అన్నదాన్ని బట్టి ఒక ఏడాది నవంబర్‌లో రోడ్డుకి రెండు వైపులా సముద్రంలా నిండిపోతుంది, ఇంకో ఏడాది అదే నవంబర్‌లో ఉత్తరం వైపు పర్రలా బీటలు వారి ఉంటుంది.

బాగా నిండినప్పుడు పోయి లాభం లేదని అనను గానీ పని రెట్టింపవుతుంది. నీళ్ళు లోతైతే ఫ్లెమింగోలు, వేడర్లు అనే బురదలో మేసే చిన్న పక్షులు చెదిరిపోతాయి, బాతులు చుట్టుపక్కల చెరువుల్లోకి సర్దుకుంటాయి, గద్ద కూడా వాటి వెనకే పోతుంది. నా లెక్కలో మంచి టైం ఏంటంటే వానలు ఆగి రెండు మూడు వారాలు గడిచాక, నీళ్ళు నెమ్మదిగా వెనక్కి పోతూ అక్కడక్కడా మడుగులు విడిపడుతున్నప్పుడు, అంటే చాలా ఏళ్ళు సంక్రాంతికి అటూ ఇటూ. చేపలు ఆ మడుగుల్లో ఇరుక్కుంటాయి, పక్షులన్నీ ఆ కాసిని నీళ్ళ చుట్టూ చేరతాయి, గద్దకి అంతకంటే ఏం కావాలి.

వెళ్ళేముందు చూసుకోవాల్సినవి ఇంకో రెండు. ఒకటి ఫ్లెమింగో ఫెస్టివల్ తేదీలు, ఆ రోజుల్లో ఆ రోడ్డంతా బస్సులూ పిల్లలూ మైకులూ, పండగగా చూడ్డానికి బాగుంటుంది, గద్ద కోసం అయితే వద్దు. రెండు, షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) లాంచ్ షెడ్యూల్. రాకెట్ ఎగిరే రోజు ఆ రోడ్డు మీద ట్రాఫిక్కూ చెకింగూ మామూలుగా ఉండదు. అసలు ఏ రోజైనా సరే శ్రీహరికోట గేటు దగ్గర కెమెరా, స్కోప్ (ట్రైపాడ్ మీద పెట్టి దూరపు పక్షుల్ని చూసే టెలిస్కోప్) బయటికి తియ్యకండి, డ్రోన్ ఆలోచన ఇంట్లోనే వదిలేసి రండి.

రెండో పని: ఎక్కడ నిలబడాలి

సూళ్లూరుపేట చెన్నై-గూడూరు రైల్వే లైన్లో ఉంది, చెన్నై నుంచి లోకల్ రైళ్ళు కూడా వస్తాయి, జాతీయ రహదారి 16 పక్కనే. జిల్లాల విభజన తర్వాత 2022 నుంచి తిరుపతి జిల్లా, అంతకు ముందు నెల్లూరు. బస టౌన్లోనే బెటర్, లాడ్జిలు సాదాసీదాగా ఉంటాయి గానీ తెల్లారుజామున ఐదింటికి బయల్దేరాలంటే చెన్నై నుంచి రావడం కంటే అదే నయం.

మొదటి చోటు శ్రీహరికోట రోడ్డే. సరస్సుని అడ్డంగా కోసుకుంటూ తూర్పుకి పోతుంది, అటకానితిప్ప దాటాక రెండు వైపులా బయలే. ఇక్కడొక చిన్న కిటుకు. రోడ్డు తూర్పు పడమరలుగా ఉంది, చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే వాలి ఉంటాడు, కాబట్టి రోడ్డుకి ఉత్తరం వైపు చూస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా వెలుతురు మీ వెనక నుంచే పడుతుంది. దక్షిణం వైపు చూస్తే అన్నీ నల్ల బొమ్మలే, ఈ గద్ద అసలే నలుపు, ఇక ఏం గుర్తుపడతారు. ఉత్తరం వైపున్న చిక్కేంటంటే గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, పక్షులు గాలికి ఎదురుగా కూర్చుంటాయి, అందుకని చాలాసార్లు మీకు వీపే కనిపిస్తుంది. సర్దుకుపోవాలి, తల తిప్పేదాకా ఓపిక పట్టాలి.

రెండోది వేనాడు వైపు. మెయిన్ రోడ్డు కంటే జనం తక్కువ, బురద నేలా గడ్డీ తుమ్మ చెట్లూ కలిసి ఉంటాయి, కూర్చోడానికి గద్దకి అనువైన చోటు. వానల తర్వాత బండి దిగబడే అవకాశం ఉంది, ఊళ్ళో ఎవరినైనా 'అన్నా, ముందుకి బండి పోతుందా' అని అడిగి మరీ పోండి.

మూడోది తడ దగ్గర భీములవారిపాళెం, అక్కడ్నుంచి పడవలో ఇరకం దీవి వైపు పోవచ్చు. పడవలోంచి స్కోప్ వాడలేరు, ఊగుతుంది, కానీ రోడ్డు మీద నుంచి ఎప్పటికీ కనపడని తిప్పలు కనిపిస్తాయి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కొద్దు. 2011లో క్రిస్మస్ రోజు ఇదే సరస్సులో తమిళనాడు వైపు పడవ మునిగి ఇరవై మందికి పైగా పోయారు, లోతు లేదు కదా అనుకోకండి.

ఇక సరస్సు నిండి ఉన్న ఏడాదైతే నేలపట్టు వైపు, దొరవారిసత్రం చుట్టుపక్కల చిన్న చెరువులు ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. నేలపట్టు శాంక్చురీ గూడబాతులకి ఫేమస్, గద్ద కోసం మాత్రం దాని బయట, బాతులు దిగిన పంట చెరువులే మేలు.

సామాను

బైనాక్యులర్ 8x42 గానీ 10x42 గానీ, రెండూ ఓకే, నా ఓటు మాత్రం 8కే, గాలికి చెయ్యి వణికినా బొమ్మ నిలుస్తుంది. స్కోప్ ఉంటే తప్పకుండా తీసుకెళ్ళండి, లేకపోతే ఉన్న ఫ్రెండుని తీసుకెళ్ళండి, ఇక్కడ గద్దలు కిలోమీటర్ దూరంలో కూర్చుంటాయి కాబట్టి స్కోప్ లేకుండా పని సగమే అవుతుంది. ట్రైపాడ్ గట్టిది, తేలికది అయితే గాలికి పనికిరాదు. టోపీ, నీళ్ళు, అరటిపళ్ళు. దారిలో నీడ లేదు, షాపులు లేవు, అటకానితిప్ప దాటాక టీ కూడా డౌటే. చిన్న నోట్‌బుక్కూ పెన్సిలూ ఉండాలి, ఫోనుంది కదా అంటారు, ఎండలో స్క్రీన్ కనపడదు.

మూడో పని: కళ్ళతో ఎలా వెతకాలి

ఇదే అసలు విషయం, కాబట్టి ఇక్కడ కాస్త సాగదీస్తా.

తెల్లారుతుండగా చేరుకోండి. మొదటి గంటా గంటన్నర గద్ద ఎగరదు, గాలి వేడెక్కి పైకి లేచేదాకా పెద్ద రెక్కల పక్షులకి ఎగరడం ఖర్చుతో కూడిన పని. ఆ టైంలో అది కట్ట మీదో, బురదలో చిన్న మెట్ట మీదో, పొట్టి తుమ్మ చెట్టు మీదో, అప్పుడప్పుడు కరెంటు స్తంభం మీదో ఉంటుంది. దూరం నుంచి చూస్తే కట్ట మీద బోర్లించిన నల్ల కుండలా ఉంటుంది, మెడ కనపడదు, కదలదు. అందుకని స్కోప్‌ని ఎడమ చివర నుంచి కుడి చివరకి, నేల లైన్ వెంబడి, చాలా నెమ్మదిగా తిప్పండి, ప్రతి నల్ల ముద్ద దగ్గరా ఆగండి. పది ముద్దల్లో తొమ్మిది మట్టి గడ్డలు, మొద్దులు, నీటికాకులు అవుతాయి. పర్లేదు. ఒక్కో ముద్ద ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి, ఇరవై నిమిషాల తర్వాత మళ్ళీ తిప్పినప్పుడు అందులో ఒకటి మాయమైతే అదే పక్షి.

ఎనిమిదిన్నర తొమ్మిది తర్వాత ఆట మారుతుంది. ఇప్పుడు గద్దని కాదు, బాతుల్ని చూడాలి. పిన్‌టెయిల్స్, షవలర్లు, విజియన్లు, కూట్స్ గుంపులు ఎక్కడున్నాయో ముందే చూసి పెట్టుకోండి. గుంపు లేచే తీరుని బట్టి వచ్చిందెవరో కొంతవరకు చెప్పొచ్చు. మార్ష్ హారియర్ అనే ఇంకో రకం గద్ద వస్తే దాని కిందున్న పాతికో యాభయ్యో లేచి, అటు పక్కనే దిగిపోతాయి, రోజూ వచ్చే గొడవే కదా అన్నట్టు. పెరెగ్రిన్ ఫాల్కన్ అనే డేగ వస్తే వేడర్లన్నీ బిగుసుకున్న ముద్దలా ఒక్కసారి లేచి మెలికలు తిరుగుతాయి. పెద్ద ఈగల్ వస్తే బాతులూ కూట్లూ కొంగలూ అన్నీ కలిపి, దూరంలో ఉన్నవి కూడా, ఒక పక్క నుంచి వరసగా లేస్తాయి, లేచాక చాలాసేపు దిగవు. కూట్లయితే ఎగరకుండా ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నీళ్ళ మీదే గుంపు కడతాయి. ఇది రూల్ కాదు, సూచన మాత్రమే, ఒక్కోసారి పడవ ఇంజన్ శబ్దానికే అన్నీ లేస్తాయి. కానీ అలా లేచినప్పుడు లేస్తున్న బాతుల్ని కాదు, అవి ఎటు నుంచి పారిపోతున్నాయో ఆ ఖాళీ వైపు చూడండి. కొత్తవాళ్ళు అందరూ బాతుల్నే చూస్తారు, ఎందుకంటే అది అందంగా ఉంటుంది మరి.

పదిన్నర దాటితే నేల మీద ఎండమావులు మొదలవుతాయి, స్కోప్‌లో అంతా వణుకుతుంది, దూరపు పక్షి మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. అప్పుడు పైకి చూసే టైం. నీళ్ళ మీద వేడిగాలి బలంగా లేవదు, నేల మీద లేస్తుంది, అందుకని గద్దలు చక్కర్లు కొట్టేది సరస్సు అంచుల్లో, శ్రీహరికోట అడవి వైపూ పడమర గట్టు వైపూ. నడినెత్తిన కాకుండా ఆకాశం అంచు నుంచి నాలుగు వేళ్ళ ఎత్తు వరకు బైనాక్యులర్‌తో తుడుచుకుంటూ పోండి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పోయి భోంచేసి పడుకోండి, సాయంత్రం నాలుగు నుంచి మళ్ళీ రండి, అది రాత్రికి ఎటు పోతుందో తెలిసేది అప్పుడే.

జాలర్లతో మాట్లాడండి. వల మీద వాలి చేప ఎత్తుకెళ్ళేది ఏది, కట్ట మీద కూర్చునేది ఏది, వాళ్ళకి తెలిసినంత మనకి తెలియదు, పేరు వేరే చెప్పొచ్చు గానీ చోటు మాత్రం కరెక్టుగా చెప్తారు. ఫోటో చూపించి ఇది చూశారా అని అడగొద్దు, మొహమాటానికి చూశామంటారు. పెద్ద గద్ద ఏదైనా నేల మీద కూర్చుంటోందా, ఎక్కడ, పొద్దునా సాయంత్రమా అని అడగండి.

నాలుగో పని: ఇది అదేనా?

రంగుతో మొదలుపెడితే మునిగినట్టే. వరస ఇలా పెట్టుకోండి: ఆకారం, రెక్కల పట్టు, రెక్క కింద భాగం, పై భాగం, చివరగా మొహం.

ఆకారం. రెక్కలు వెడల్పు, తోక పొట్టి, తల ముందుకి పెద్దగా పొడుచుకు రాదు. రెండు రెక్కలు చాపితే ఒకటిన్నర మీటర్ నుంచి 1.8 మీటర్ దాకా. మనం రోజూ చూసే బ్లాక్ కైట్ కూడా దాదాపు ఒకటిన్నర మీటర్ ఉంటుంది కాబట్టి కొలత ఒక్కటే నమ్మొద్దు, కైట్ సన్నగా ఉంటుంది, తోక పొడుగ్గా చివర చీలి, ఎగిరేటప్పుడు అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. గ్రేటర్ స్పాటెడ్ తోక తిప్పదు. రెక్క చివర వేళ్ళలా విడిపడే ఈకలు ఏడు కనిపిస్తాయి, కైట్‌కీ బూటెడ్ ఈగల్‌కీ ఆరు, మార్ష్ హారియర్‌కి ఐదు. కంటితో లెక్కపెట్టడం అయ్యే పని కాదు, ఫోటో తీసి లెక్కపెట్టండి.

రెక్కల పట్టు. చక్కర్లు కొట్టేటప్పుడు రెక్కలు సమంగా గానీ కొంచెం కిందకి గానీ ఉంటాయి, జారుకుంటూ పోయేటప్పుడు అయితే రెక్క చివరి సగం బాగా కిందకి వాలుతుంది. ఇది దూరం నుంచే తెలిసిపోతుంది, అందుకే నాకు అన్నిటికంటే ఇష్టమైన గుర్తు. మార్ష్ హారియర్ రెక్కలు పైకెత్తి ఎగురుతుంది. వైట్-బెల్లీడ్ సీ ఈగల్ కూడా పైకే ఎత్తుతుంది, శ్రీహరికోట వైపు ఇది మామూలే, దాని పిల్లలు గోధుమరంగులో ఉండి భలే మోసం చేస్తాయి. రెక్కలు పైకి ఉండి, తోక చివర కోసుగా ఉంటే అది సీ ఈగల్ పిల్ల అనుకుని ముందుకి పోవచ్చు.

కింద భాగం. పెద్ద పక్షిలో రెక్క ముందు భాగం, ఒళ్ళు దాదాపు ఒకే ముదురు రంగు, వెనక ఈకలు ఇంకాస్త లేతగా ఉంటాయి. బయటి ఈకల మొదట్లో ఒక లేత కామా గుర్తు ఉంటుంది. దీని దగ్గరి చుట్టం ఇండియన్ స్పాటెడ్ ఈగల్‌లో రెండు కామాలు కనిపించే అవకాశం ఎక్కువ. స్టెప్ ఈగల్ పిల్లలో అయితే రెక్క కింద మధ్యలో తెల్లటి పట్టీ పొడుగ్గా ఉంటుంది, చూస్తే మర్చిపోరు.

పై భాగం. చుక్కల గద్ద అని పేరొచ్చింది పిల్లల వల్లే. మొదటి చలికాలంలో ఉన్న పక్షికి నల్లటి రెక్కల మీద తెల్ల చుక్కలు వరసలుగా, తోక మొదట్లో తెల్లటి అర్ధచంద్రం ఉంటాయి. ఫిబ్రవరి వచ్చేసరికి ఈకలు అరిగి చుక్కలు మాయమవుతుంటాయి, కాబట్టి చుక్కలు లేవని కొట్టెయ్యకండి. పెద్దవాటికి ఎలాగూ చుక్కలు ఉండవు. ఫల్వెసెన్స్ అనే లేత రకం కూడా ఉంది, ఒళ్ళంతా గోధుమ పిండి రంగులో ఉండి ఎగిరే ఈకలు మాత్రం నల్లగా ఉంటాయి, అరుదు.

మొహం. ఇది దగ్గరగా దొరికితేనే. నోటి పసుపు గీత కంటి మధ్య భాగం కిందకి వచ్చి ఆగిపోతే గ్రేటర్ స్పాటెడ్, కన్ను దాటి వెనక్కి పోతే ఇండియన్ స్పాటెడ్ గానీ స్టెప్ గానీ. ముక్కు రంధ్రం గుండ్రంగా ఉంటే స్పాటెడ్ ఈగల్స్, నిలువుగా కోలగా ఉంటే స్టెప్. కాళ్ళకి వేళ్ళ దాకా ఈకలుంటాయి, కైట్ కాళ్ళు కింద బోడిగా ఉంటాయి.

అసలు తలనొప్పంతా ఇండియన్ స్పాటెడ్‌తోనే. అది ఏడాది పొడవునా మన దేశంలో ఉండే పక్షి, అదీ వల్నరబులే, సైజులో కొంచెం చిన్నది, కొంచెం లేత రంగు, తేడాలు అన్నీ 'కొంచెం'లే. రెండు మూడు గుర్తులు ఒకే మాట చెప్తేనే పేరు రాయండి. ఒక్క గుర్తు మీద ఆధారపడి రాసిన రికార్డుల వల్ల ఆ లిస్టులు ఎందుకూ పనికిరాకుండా పోతున్నాయి. పేరు తేలకపోతే, చూసిన పక్షుల్ని ఆన్‌లైన్లో నమోదు చేసే ఈబర్డ్‌లో రెండు జాతులూ కలిపి రాసే ఆప్షన్ ఉంది, అది వాడుకోండి, నామోషీ ఏం కాదు. ఫోటో చూసి పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఏం చెప్పిందన్నది ఒక అభిప్రాయం కింద తీసుకోండి, గాల్లో ఎగిరే నల్ల గద్ద విషయంలో దాన్ని నేను అస్సలు నమ్మను.

అరుపు కూడా పనికొస్తుంది, చలికాలంలో కూడా ఇవి అప్పుడప్పుడు క్యాక్ క్యాక్ మని అరుస్తాయి, కైట్ సాగదీసే ఈల లాంటిది కాదు.

దుబాయ్‌లో ఉన్న మనవాళ్ళకో మాట. రాస్ అల్ ఖోర్‌లో ఫ్లెమింగోలున్న చోటే చలికాలంలో ఈ గద్దలు దిగుతాయి, పక్షులకి కనపడకుండా కూర్చుని చూడ్డానికి హైడ్స్ కట్టారు. అక్కడ ఒక శనివారం పొద్దున్నే కూర్చుని ఎగిరే తీరు కంటికి అలవాటు చేసుకుని, సంక్రాంతి సెలవుకి వచ్చినప్పుడు పులికాట్ పోతే సగం పని అయిపోయినట్టే.

ఐదో పని: ఫోటో, నోట్స్

అందమైన ఫోటో తర్వాత. ముందు పనికొచ్చే ఫోటో. రెక్క కింద ఒకటి, రెక్క పైన ఒకటి, మొహం పక్క నుంచి ఒకటి, ఈ మూడూ ఉంటే ఎవరైనా తేల్చి చెప్పగలరు. షట్టర్ 1/1600 కంటే తగ్గకుండా, ఆకాశం మీద నల్ల పక్షి కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పైకి పెట్టండి, లేకపోతే నల్ల నీడే వస్తుంది. పక్షి చక్కర్లు కొట్టేటప్పుడు ఒక్క మంచి ఫ్రేమ్ కోసం ఆగకుండా చుట్టు తిరిగినంతసేపూ తీస్తూనే ఉండండి, ఏ కోణంలో ఏం బయటపడుతుందో తెలీదు.

నోట్స్‌లో రాయాల్సినవి: టైం, మీరు నిలబడ్డ చోటు, పక్షి ఎటు ఉంది, ఎంత దూరం, గాలి, నీటిమట్టం ఎలా ఉంది, ఏం చేస్తోంది, ఎవరిని తరిమింది, ఎవరు దాన్ని తరిమారు, ఎటు పోయింది. ఈకల్లో ఏదైనా విరిగిందా, ఊడిందా అన్నది తప్పకుండా రాయండి. ఎందుకో కింద చెప్తా.

ఆరో పని: సీజనంతా ఫాలో అవ్వడం

ఒక్కసారి చూసి టిక్కు కొట్టుకుని పోవడం వేరు, ఇదే పక్షి ఈ చలికాలమంతా ఇక్కడే ఉందా అని తేల్చడం వేరు. రెండోదానికి ట్యాగులూ గీగులూ అక్కర్లేదు, ఊడిన ఈకలు చాలు. ఎడమ రెక్కలో నాలుగో వేలు సగం విరిగి ఉంటే, తోకలో మధ్య ఈక లేకపోతే, కొత్త ఈక వచ్చేదాకా అదే దాని ఆధార్ కార్డు. వారం తర్వాత తీసిన ఫోటోలో అదే విరుపు ఉంటే అదే పక్షి. డిసెంబర్ ఫోటోలూ ఫిబ్రవరి ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఒక మ్యాప్ ప్రింట్ తీసుకుని కనపడిన చోట చుక్క, కనపడకపోతే వెతికిన ఏరియా చుట్టూ గీత. కనపడలేదన్నది కూడా రికార్డే, చాలామంది ఆ రోజు లిస్ట్ అప్‌లోడే చెయ్యరు, అందుకే మనకి ఉన్న డేటాలో గద్దలు ఎప్పుడూ కనిపిస్తూనే ఉన్నట్టు ఉంటుంది. ఇద్దరు ముగ్గురు ఉంటే రోడ్డు మీద రెండు మూడు కిలోమీటర్లకొకరు నిలబడి ఫోన్లో మాట్లాడుకుంటే ఒకరి దగ్గర లేచిన పక్షి ఇంకొకరి దగ్గర ఎక్కడ దిగిందో తెలిసిపోతుంది. లేకపోతే ఒకే గద్దని ముగ్గురు చూసి మూడు గద్దలని రాస్తారు, ఇది నిజంగా జరిగేదే.

జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్, ఫిబ్రవరి మధ్యలో గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఉంటాయి, ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చే టీములతో కలిస్తే ఒంటరిగా తేల్చుకోలేనివి చాలా తేలతాయి.

ఎంత దగ్గరకి పోవచ్చు, ఎవరికి చెప్పొచ్చు

కూర్చున్న గద్ద మెడ సాచి మీ వైపే చూస్తోందంటే మీరు ఆల్రెడీ ఎక్కువ దగ్గరకొచ్చారు. ఒంగి, రెట్ట వేసిందంటే ఎగరబోతోంది. బురదలో దిగి నడిచి పోవద్దు, గద్ద సంగతి పక్కన పెట్టండి, దారిలో ఉన్న వందల వేడర్లు లేస్తాయి, పైగా పైకి గట్టిగా కనిపించే ఆ పొర కింద మోకాలి లోతు బురద ఉంటుంది. కారే మంచి హైడ్, ఇంజన్ ఆపి అద్దం దించి కూర్చోండి. చేప వేసో మాంసం వేసో రప్పించడం, కూత ప్లే చెయ్యడం, ఇవేమీ వద్దు.

లొకేషన్ షేర్ చెయ్యడంలో నా పద్ధతి ఇది: పగలు మేత మేసే చోటు ఈబర్డ్‌లో పెట్టొచ్చు, ఎలాగూ అది మెయిన్ రోడ్డు. రాత్రి పడుకునే చెట్టు మాత్రం ఎక్కడా పెట్టను, వాట్సాప్ గ్రూపులో అసలే పెట్టను, రెండో రోజుకి అక్కడ పది కార్లుంటాయి. పెట్టాలనుకుంటే సీజన్ అయ్యాక, ఏప్రిల్‌లో పెట్టండి, డేటాకి నష్టం లేదు. ఈబర్డ్ రివ్యూయర్ అడిగితే కోపం తెచ్చుకోకుండా ఫోటోలూ నోట్సూ ఇవ్వండి, ఈ జాతికి అడగడం వాళ్ళ డ్యూటీ.

ఎప్పుడైనా వీపు మీద చిన్న డబ్బా లాంటిదీ సన్నటి యాంటెన్నా, లేదా కాలికి రింగు కనిపిస్తే మిగతా అన్నీ ఆపేసి కాళ్ళూ వీపూ ఎన్ని కోణాల్లో వీలైతే అన్ని తియ్యండి. రింగు రంగు, ఏ కాలికి ఉంది, అక్షరాలు కనపడితే అవి, తేదీ, చోటు రాసి ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి (బీఎన్‌హెచ్‌ఎస్) మెయిల్ చెయ్యండి, మన దేశంలో పక్షుల రింగింగ్ లెక్కలు చూసేది వాళ్ళే. అక్షరాలు సగమే కనపడినా పంపండి, మిగతా సగం ఊహించి మాత్రం రాయొద్దు.